గతుకుల బాటలో బండి కుదురు: షాక్ అబ్జార్బర్లను మార్చు విధము



పంట పండించుట యొక యెత్తు. పండినదానిని నలగకుండ, చెడకుండ సంతకు జేర్చుట మరియొక యెత్తు. విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు తరచుగా ముచ్చటించుకొను మనము సరుకును మోయు బండిని గూర్చి యంతగా ఆలోచింపము. అది కదలుచున్నంతకాలము బాగుగనే యున్నదని తలంతుము. ఆ తలంపు ఎంత పొరపాటో తెలుపుటకును, బండి యడుగున చక్రమునకును చట్రమునకును నడుమ బిగింపబడియుండు షాక్ అబ్జార్బరును పరీక్షించి మార్చుకొను పద్ధతిని బోధించుటకును ఈ పాఠమును వ్రాయుచున్నాను.

మన ప్రాంతమున సముద్రతీరపు మైదానము వెడల్పు తక్కువ. కొంచెము పడమటికి బోయినంతనే తూర్పు కనుమలు ఎదురగును. సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము, పాచిపెంట, సాలూరు ప్రక్కల కొండయూళ్లు ఒకప్పుడు శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలో నుండి, 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో జేరినవి. జిల్లా పేరు మారినను బాట స్వభావము మారలేదు. అనాస, పసుపు, చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుళ్లు ఇవన్నియు గెడ్డలు దాటి, రాళ్లబాటలు దిగి, ఘాటు మలుపులు తిరిగి క్రిందికి రావలయును. మైదానములోని వారికిని ఈ బాధ లేకపోలేదు. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస ప్రక్కన తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు తోటలను నేలగూల్చుటయే గాక రోడ్లను గూడ పాడుచేసిన సంగతి మనకు జ్ఞాపకమున్నది.

ఒక అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట కొండదిగువ నున్న యొక గ్రామసంఘము నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు చిన్న ట్రక్కు నొకదానిని కొనెను. మూడవయేట నొక సమావేశమున డ్రైవరు లేచి, వెనుకటి షాక్ అబ్జార్బర్లు రెండును నూనె కారుచున్నవనియు, వానిని మార్పింపవలయుననియు విన్నవించెను. సభ్యులు ఖర్చునకు వెనుదీసిరి. "బండి నడచుచునే యున్నది గదా! కమాన్ కట్టకు మరియొక పట్టీ వేయించిన చాలు" ననిరి. ఆ సభలో నేనును గూర్చుండియుంటిని. నన్నడిగినప్పుడు, పంటకాలము గడచిన పిమ్మట చూచుకొనవచ్చునని నేనును సలహా యిచ్చితిని.

పట్టీ వేయించిరి. తొలకరి వానలలో అనాసకాయలతో ఘాటు దిగుచుండగా, వానకు కొట్టుకొనిపోయిన మలుపువద్ద డ్రైవరు బ్రేకు త్రొక్కెను. వెనుక చక్రములు నేలను పట్టక ఎగిరెగిరి పడినవి. బండి ప్రక్కకు జారి గోడను గ్రుద్దుకొని ఆగెను. సగము కాయలు గెడ్డపాలైనవి. మిగిలినవానిలో పెక్కు పైకి బాగుగ నుండియు లోపల నలిగి, రెండు దినములలో పులిసిపోయెను. డ్రైవరునకు భుజపుటెముక విరిగి, మూడు నెలలు చక్రము పట్టలేకపోయెను. నేను చూడబోయినప్పుడు అతడు నన్ను నిందింపలేదు. "బండి మొదటే సెప్పింది బాబూ, మనమే ఇన్నేదు" అని మాత్రమనెను. ఆ మాటకు నావద్ద జవాబు లేకపోయెను. అంతకుముందు నేను షాక్ అబ్జార్బరు అనగా ప్రయాణీకుల సుఖముకొరకు పెట్టిన సామాననియే తలచియుంటిని. అది బ్రేకుతోను, స్టీరింగుతోను సమానమైన రక్షణసాధనమని అప్పుడు నేర్చుకొంటిని.

1. షాక్ అబ్జార్బరు చేయు పని యేమి?

కావడి మోయువానిని చూడుడు. వెదురుబద్ద రెండు కొసలను కుండలు వ్రేలాడుచుండును. అతడు నడచుచున్నకొలది బద్ద వంగుచు లేచుచు నుండును. బద్ద వంగుటవలన భుజమునకు దెబ్బ తగులదు. కాని ఆ యూపు మితిమీరినచో నీరు తొణకును, అడుగు తడబడును. అందుచే అతడు ముందువెనుకల త్రాళ్లను చేతులతో పట్టుకొని యూపును అణచుచుండును. బండిలో వెదురుబద్ద వంటిది కమాన్ కట్ట. త్రాటిని పట్టిన చేయి వంటిది షాక్ అబ్జార్బరు.

కమాను దెబ్బను తనలో దాచుకొని, వెంటనే తిరిగి యిచ్చివేయును. దానిని విడిచిపెట్టినచో పదేపదే ఎగురుచునే యుండును. ఆ యెగురుటను రెండు మూడు క్షణములలో నిలుపునది షాక్ అబ్జార్బరు. చక్రము నేలను విడిచి యున్నంతసేపు బ్రేకు త్రొక్కినను ఫలములేదు, స్టీరింగు త్రిప్పినను ఫలములేదు. కావున చక్రమును నేలకు అంటిపెట్టి యుంచుటయే దీని ముఖ్యకార్యము. సుఖము దానివెంట వచ్చునది.

బండి బరువును మోయునది కమానే గాని సాధారణముగా షాక్ అబ్జార్బరు కాదు. బండి ఒక ప్రక్కకు ఒరిగి, లేక క్రుంగి నిలిచినచో తప్పు కమానుది. బండి నిలిచినప్పుడు సరిగానుండి, కదలినప్పుడు ఎగురుచున్నచో తప్పు షాక్ అబ్జార్బరుది. ఈ భేదము తెలియకనే మన వారు పట్టీలమీద పట్టీలు వేయింతురు. పట్టీ వేసినకొలది కమాను బిగువెక్కి మరింత బలముగా విసరును; దానిని అణచుటకు షాక్ అబ్జార్బరు మరింత బలమైనదిగా నుండవలయును. పై సంఘము చేసినది రోగమును వదలి, రోగము ముదురుటకు మందిచ్చినట్లయ్యెను.

పెద్ద లారీలలో వెనుక షాక్ అబ్జార్బర్లు లేనివి గూడ గలవుగదా యని కొంద రడుగుదురు. అనేక పట్టీలు గల కట్టలో పట్టీకి పట్టీకి కలుగు ఒరపిడియే కొంత యూపును అణచును. అది లారీ బరువునకును, మెల్లని నడకకును సరిపోవచ్చును. తేలికయైన చిన్న ట్రక్కునకు చాలదు.

2. లోపలి నిర్మాణము

మోటారు బండ్లు వచ్చిన తొలిదినములలో తోలుబిళ్లల ఒరపిడితో పనిచేయు సాధనములను వాడిరి. పిమ్మట నూనెతో పనిచేయునవి వచ్చినవి. 1941 నుండి అమెరికా సైన్యమునకు తయారైన విల్లీస్ జీపు నాలుగు చక్రములకును కమాన్ కట్టలు, గొట్టపు ఆకృతి గల నూనె షాక్ అబ్జార్బర్లు ఉండెను. యుద్ధానంతరము 1947లో బొంబాయిలో మహీంద్రావారు ఆ జీపులనే కూర్చి అమ్మ నారంభించిరి. మన కొండబాటలకు జీపు అను మాట వచ్చినది ఆ వంశమునుండియే. మనదేశమున షాక్ అబ్జార్బర్ల తయారీలో ప్రసిద్ధమైన గాబ్రియల్ ఇండియా కంపెనీ 1961లో స్థాపితమైనది.

గొట్టములో నూనె నిండియుండును. దానిలో చిన్నరంధ్రములును వాల్వులును గల పిస్టను ఒక నున్నని కడ్డీ చివర నుండును. చక్రము పైకి లేచినప్పుడు కడ్డీ లోపలికి దూరును. చక్రము దిగినప్పుడు వెలికి సాగును. రెండు వైపులను నూనె ఆ సన్నని రంధ్రములగుండ దూరి పోవలయును. వేగముగ నెట్టినకొలది నూనె మరింత ఎదిరించును. నిండుకుండలోని నీటిలో గరిటెను మెల్లగ త్రిప్పిన సులువుగ తిరుగును, వడిగా త్రిప్పిన చేతికి బరువు తగులును; ఇదియు నట్టిదే. సామాన్యముగా ముడుచుకొనునప్పటికంటె సాగునప్పుడు ఎదిరింపు హెచ్చుగ నుండునట్లు అమర్తురు.

ఎదిరింపబడిన కదలిక యేమగును? వేడిగా మారును. రాళ్లబాటలో గంటలకొలది పరుగెత్తిన బండికి షాక్ అబ్జార్బరు చేయి కాలునంత వేడెక్కును. అప్పుడు నూనె పలుచనగును. నురుగు గూడ పట్టును. నురుగుపట్టిన నూనె యెదిరింపదు. బండి ప్రాతఃకాలమున బాగుగ నడచి మధ్యాహ్నమునకు ఎగురుచున్నదని డ్రైవరు చెప్పినచో అబద్ధమాడుచున్నాడని తలంపకుడు. ఈ నురుగును తగ్గించుటకే కొన్నిటిలో నత్రజని వాయువును ఒత్తిడితో నింపుదురు. రెండు గొట్టములు ఒకదానిలో నొకటి యుండు రకము చౌక. ఒకే గొట్టముతో వాయువు నింపిన రకము వేడిని త్వరగా విడుచును, కాని వెల హెచ్చు, గొట్టమునకు రాయి తగిలి సొట్టపడిన చెడును.

3. చెడినదని తెలిసికొనుట

(అ) గొట్టము పైభాగమున పలుచని నూనెచెమ్మ, దానిపై ధూళి యుండుట పెద్ద దోషము కాదు. తుడిచిన మరునాటికి నూనె ధారగా దిగియున్నచో సీలు పోయినదని యర్థము.

(ఆ) చదునునేలపై బండి యొక మూలను బలముగా క్రిందికి నొక్కి విడువుడు. ఒకసారి లేచి కుదురుకొనిన మంచిది. రెండు మూడు మారులు ఊగిన చెడినది. బిగువైన కమానులు గల ట్రక్కు చేతిబలమునకు క్రుంగదు గనుక దానికి ఈ పరీక్ష యొక్కటియే చాలదు.

(ఇ) టైరును అరచేతితో తడవి చూడుడు. చుట్టును అక్కడక్కడ గుంటలుపడి యరిగియున్నచో చక్రము ఎగురుచు నడచినదని తెలియును.

(ఈ) గతుకుబాట పయనము ముగియగానే నాలుగింటిని జాగ్రత్తగ, చేయి దగ్గరగా నుంచి వేడి చూడుడు. మూడు వేడిగా నుండి యొకటి చల్లగా నున్నచో ఆ చల్లనిది పని చేయుట లేదు.

(ఉ) కడ్డీ వంగుట, గొట్టము సొట్టపడుట, రబ్బరు బుష్షులు పగిలి కటకట శబ్దము వచ్చుట, బ్రేకు వేసినప్పుడు ముక్కు నేలకు వంగుట, ఇవన్నియు గుర్తులే. బుష్షు మాత్రమే పోయినచో బుష్షును మార్చిన చాలును. మెకానిక్కు చెప్పినాడని మొత్తము మార్పింప నక్కరలేదు.

4. క్రొత్తవానిని ఎన్నుకొనుట

ఒకే ఇరుసునకు గల రెండింటిని ఒకేసారి మార్పవలయును. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది యైనచో జోడు కుదరని యెడ్లను కాడికి గట్టినట్లగును. బ్రేకువేసినప్పుడు బండి ఒకప్రక్కకు లాగును.

పొడవును సరిచూడుడు. కమాను పూర్తిగ క్రుంగినప్పుడు దెబ్బను బంపు స్టాపు రబ్బరు కాయవలయునే గాని షాక్ అబ్జార్బరు అడుగంటరాదు. చక్రము పూర్తిగ వ్రేలాడినప్పుడు అది తెగునట్లు సాగరాదు. కమాన్ కట్టను వంపు తీర్పించి బండిని ఎత్తు చేయించినవారు మొదటి కొలతవే కొన్నచో అవి కొద్దికాలములోనే లోపల విరుగును. కంపెనీ పుస్తకమునందలి సంఖ్యను చూచి, బిల్లుతో కొనుడు.

లారీలకును, లారీ పనివారికిని పేరొందిన పట్టణము మనకు సాలూరు. విజయనగరమునుండి ఆ పట్టణముమీదుగా సుంకి ఘాటెక్కి కోరాపుట్టునకు బోవు 26వ జాతీయ రహదారి అక్కడి వృత్తికి ఆధారము. సందేహము గలవారు అట్టిచోట అనుభవము గల పనివాని నడిగి తెలిసికొనవచ్చును.

5. మార్చు క్రమము

ముందుగా నొక హెచ్చరిక. కొన్ని బండ్లకు ముందుచక్రములవద్ద చుట్టస్ప్రింగు షాక్ అబ్జార్బరు చుట్టును బిగింపబడి యొకటే ముక్కగా నుండును. ఆ స్ప్రింగులో అణగియున్న బలము మనిషిని చంపగలదు. దానిని విప్పుట తగిన బిగింపుసాధనము గల వర్క్‌షాపు పనియే. ఇక్కడ చెప్పునది కమాన్ కట్టల బండికి, షాక్ అబ్జార్బరు విడిగా నున్నచోట మాత్రమే.

కావలసిన సామాను: జాకీ, గట్టి ఇనుప స్టాండ్లు రెండు, చక్రములకు అడ్డుదిమ్మలు, సరియైన పానాలు, తీగె బ్రష్షు, తుప్పు వదలించు నూనె, క్రొత్త బుష్షులు, వాషర్లు, నట్లు.

(1) ముందటి రాత్రియే నట్లను బ్రష్షుతో రుద్ది తుప్పునూనె పోసి యుంచుడు. ఈ యొక్క పనిచే మరునాటి శ్రమ సగము తగ్గును.

(2) గట్టి చదునునేలపై బండిని నిలిపి, సరుకు దింపి, గేరులో నుంచి, హేండు బ్రేకు వేసి, ఎదుటి ఇరుసు చక్రములకు రెండువైపుల దిమ్మలు పెట్టుడు. తడి మట్టిపై జాకీ వేయరాదు.

(3) చోటు చాలినచో చక్రములు నేలపై నుండగనే వెనుకవానిని మార్పవచ్చును, ఇదియే మేలు. ఎత్తవలసినచో జాకీతో ఎత్తి, స్టాండ్లమీద నిలిపిన పిమ్మటనే అడుగునకు బోవలయును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. ఇటుకలను, కొబ్బరిమొద్దులను నమ్మి ప్రాణములు పోగొట్టుకొనకుడు.

(4) ఇరుసు క్రిందికి వ్రేలాడి బ్రేకు గొట్టములను లాగకుండ దానికి ఆధార ముంచుడు.

(5) ఒక ప్రక్క పని పూర్తియైన పిమ్మటనే రెండవ ప్రక్కను విప్పుడు. బుష్షు, వాషరు ఏ వరుసలో నున్నవో అనుమానము వచ్చినప్పుడు రెండవ ప్రక్క నమూనాగ నుండును.

(6) క్రింది నట్టును, పై నట్టును విప్పి పాతదానిని దీయుడు. చేతితో లాగి నొక్కి చూడుడు. మొదటినుండి చివరివరకు సమమైన బరువు తగులవలయును. నడుమ ఖాళీగ జారినచో మార్చుట న్యాయమే యైనదని తెలియును.

(7) రెండు గొట్టముల రకము దుకాణమున పడుకొనబెట్టి యుండుటచే లోపల గాలి చేరియుండును. దానిని నిలువుగా పట్టుకొని పూర్తిగ సాగదీసి, నొక్కి, ఐదారుమార్లు ఇట్లు చేసిన గాలి పైకి బోయి నూనె తన చోటికి వచ్చును. పిమ్మట మరల పడుకొనబెట్టక నిలువుగనే బిగింపవలయును. ఈ పని చేయనిదే "క్రొత్తది గూడ చెడ్డదే" యని దుకాణమువానితో తగవు పెట్టుకొనువారు పెక్కుమంది.

(8) వాయువు నింపినదానికి కట్టు వేసియుండును. పైకొసను బిగించిన తరువాతనే ఆ కట్టును కోయుడు. కడ్డీ తనంతట సాగివచ్చును, ముఖమును దూరముగ నుంచుడు.

(9) మొదట రెండు కొసలను చేతిబిగువుగా మాత్రమే బిగింపుడు. బండి బరువు చక్రములపై దిగిన పిమ్మటనే రబ్బరు బుష్షుల బోల్టులను పూర్తిగ బిగింపవలయును. బండి గాలిలో నుండగ బిగించినచో రబ్బరు మెలితిరిగి, కొద్ది మాసములలో చిరుగును. ఎంత బిగింపవలయునో కంపెనీ పుస్తకమున నుండును, దానిని మీరరాదు.

(10) స్టీరింగును రెండువైపుల చివరవరకు త్రిప్పి, టైరుగాని బ్రేకు గొట్టముగాని తగులకుండుట చూచుకొని, మెల్లగ నాలుగు మైళ్లు నడిపి చూడుడు. నూరు కిలోమీటర్లు నడచిన తరువాత మరల బిగువులు సరిచూడుడు.

6. చేయరాని పనులు

నున్నని కడ్డీని కటింగు ప్లేరుతో పట్టరాదు; వెంట్రుకవాసి గీత పడినను సీలు కోసికొని నూనె కారును. బిగుసుకొన్న నట్టును వదలించుటకు గ్యాసుమంట పెట్టరాదు. లోపల నూనె, వాయువు ఉన్నవి, ప్రేలును. పాతవానిని నిప్పులో వేయరాదు, పిల్లలకు ఆటకు ఈయరాదు. కారిన నూనెను గెడ్డలోను, బావిగట్టునను, పొలమునను పోయరాదు; డబ్బాలో కూర్చి నూనె కొనువారి కీయవలయును. బురదలో దిగివచ్చిన బండిని అడుగుభాగము కడుగక నిలుపరాదు. ఎండిన మట్టి కడ్డీతోపాటు సీలులోనికి దూరి దానిని కొరుకును. అన్నిటికంటె ముఖ్యముగా, అనుమతించిన బరువునకు మించి నింపి, ఎంత మంచి సామాను వేసినను ఫలమును కోరరాదు.

7. సంఘము చేయవలసినది

ఒంటరిరైతు బండి చెడినచో అతడొక్కడే నష్టపడును. సంఘము బండి చెడినచో నూరు కుటుంబముల పంట దానిలో నుండును. కావున బండికొక పుస్తకముంచి, నడచిన దూరము, మార్చిన సామాను, డ్రైవరు చెప్పిన లోపము తేదీలతో వ్రాయవలయును. ప్రతిమాసము నడపింపులో కొంత భాగము మరమ్మతు నిధికి ప్రత్యేకించవలయును. అట్లు చేసినచో ఖర్చు వచ్చిననాడు సభలో వాదము రాదు. పంటకాలమునకు నెలముందు నాలుగు చక్రములవద్దను పరీక్ష జరుగవలయును. డ్రైవరు లోపము చెప్పినచో దానిని వాయిదా వేయు అధికారము, ఆ బండిలో తాను గూర్చుండి ఘాటు దిగుటకు సిద్ధపడిన సభ్యునికే యుండవలయునని నా యభిప్రాయము. ఈ నియమము ఆనాడున్నచో నేను అట్టి సలహా ఇచ్చి యుండను.

ఆ సంఘము తరువాత నాలుగును మార్పించెను, అదనపు పట్టీని తీయించెను, గంపలలో కాయలనడుమ ఎండుగడ్డి పరుపించెను. డ్రైవరు చేయి కుదిరి మరల చక్రము పట్టెను. మొదటి దినమున అతని ప్రక్కను గూర్చుండి నేనును ఘాటు దిగితిని. ఆ మలుపువద్ద అతడు బ్రేకు త్రొక్కగా బండి ఒక్కసారి వంగి, లేచి, కుదురుకొనెను. ఇద్దరమును ఏమియు మాటలాడలేదు.

సభ్యులు సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. కమాను చేయు పనికిని షాక్ అబ్జార్బరు చేయు పనికిని భేదమేమి?
2. అదనపు పట్టీ వేయుట షాక్ అబ్జార్బరునకు బదులు ఎందుకు కాజాలదు?
3. బుష్షుల బోల్టులను బండి బరువు దిగిన పిమ్మటనే ఏల బిగింపవలయును?
4. మీ సంఘపు బండికి చివరి పరీక్ష ఎన్నడు జరిగినది? ఆ తేదీ ఎక్కడ వ్రాసియున్నది?